మీకు తెలుసా? కన్నీటి గ్రంథిలో గడ్డను గుచ్చకూడదు!

హార్స్లీ హిల్స్ ఎక్కారా ఎప్పుడైనా? ఎత్తు సుమారు 1,265 మీటర్లు! వ్యూ పాయింట్ దగ్గర చలిగాలి మొహానికి కొట్టగానే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఏడుపు లేదు, బాధ లేదు. మరి ఆ నీళ్ళెక్కడివి? పై రెప్ప కింద, చెవి వైపు మూలలో ఒక బుల్లి గ్రంథి దాక్కుని ఉంది. ఆ పని దానిదే! ఇవాళ్టి ముచ్చట్లన్నీ దాని గురించే. అందులో పెరిగే ఒక మొండి గడ్డ గురించి కూడా!

ముందు గ్రంథి సంగతి

కనుబొమ్మ చివర వేలు పెట్టండి. ఎముక అంచు తగిలిందా? సరిగ్గా దాని వెనకే ఉంది కన్నీటి గ్రంథి! అచ్చం బాదం పప్పు ఆకారం. పొడవు దాదాపు 20 మిల్లీమీటర్లు, అంతే! ఎముకలో దానికోసం ఒక చిన్న గుంట కూడా ఉంటుంది. బాగున్న గ్రంథి మామూలుగా వేలికి దొరకదు. దొరికిందా? కంటి డాక్టరును కలవాల్సిందే!

గ్రంథి ఒకటే, భాగాలు మాత్రం రెండు! పెద్ద భాగం లోపల, చిన్న భాగం రెప్ప వైపు. పెద్దదానిలో ఊరిన నీళ్ళు చిన్నదాని గుండానే బయటికి రావాలి! సుమారు 12 సన్నటి గొట్టాలు, అన్నిటికీ అదే దారి! చిన్న భాగాన్ని తీసేస్తే పెద్ద భాగం ఉండీ దండగే. సర్జన్లు ఈ ముక్కను అస్సలు మర్చిపోరు!

ఏడవనప్పుడు కంట్లో నీరు ఎంత ఊరుతుందనుకుంటున్నారు? గ్లాసుడా? చెంచాడా? అబ్బే! కంటి మందు సీసాలోంచి రాలే ఒక్క చుక్కంత ఊరడానికి దాదాపు 40 నిమిషాలు! అంత పిసినారితనం! ఆ కాస్త నీటితోనే రోజంతా కన్ను తడిగా ఉంటుంది. ఏడుపు వచ్చిందా, ఇక ధారలే!

కన్నీళ్ళు మెదడులోంచి కారతాయని జనం నమ్మిన రోజులున్నాయి. నిజమండీ! ఆ భ్రమను కదిలించినవాడు నీల్స్ స్టెన్సన్ అనే డెన్మార్క్ కుర్రాడు. 1662లో కన్నీటి గ్రంథి నుంచి వచ్చే గొట్టాల గురించి రాసి చూపించాడు. తర్వాత అదే మనిషి రాళ్ళ పొరలను చదివే శాస్త్రానికి పునాది వేశాడు. ఆ తర్వాత బిషప్ కూడా అయ్యాడు!

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒకప్పుడు కన్నీళ్ళు పోగేసేవాడు! ఎలాగో తెలుసా? తోటివాళ్ళ కళ్ళల్లో నిమ్మరసం పిండి! అలా కన్నీళ్ళలో సూక్ష్మజీవులను చంపే లైసోజైమ్ ఉందని తేల్చాడు. 1922లో లోకానికి చెప్పాడు. మన కన్నీటి గ్రంథి నీళ్ళ తొట్టి మాత్రమే కాదు, మందుల అంగడి కూడా!

ఉల్లిపాయ తరిగితే కన్నీళ్ళు. అందరికీ తెలిసిందే! కానీ ఆ ఘాటు వాయువును పుట్టించే అసలు ఎంజైమ్‌ను జపాన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నది 2002లో! అంటే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి వచ్చిన చాలా ఏళ్ళకు! వాయువు కంటికి తగలగానే నాడి కబురు పంపుతుంది. గ్రంథి నీళ్ళు వదులుతుంది. అంతా క్షణాల్లో!

చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కళ్ళు చూడండి. ధార లేదు! పుట్టిన మొదటి 2, 3 వారాలు చాలామంది పిల్లలకు ఏడిస్తే కన్నీరు కారదు! కన్ను తడిగా ఉండడానికి చాలినంతే ఊరుతుంది. గ్రంథి ఇంకా పూర్తిగా పనిలోకి దిగలేదన్నమాట. అమ్మమ్మలు గమనించే ఉంటారు!

పుంగనూరు ఆవు పొట్టిదని లోకమంతా మెచ్చుకుంటుంది. కళ్ళల్లోకి చూశారా ఎవరైనా? ఆవుకు 3వ రెప్ప ఉంటుంది! ముక్కు వైపు మూలలో దాక్కుని ఉంటుంది. దానికీ సొంత గ్రంథి! అది కూడా కన్నీరు ఊరిస్తుంది! మనకు ఆ రెప్ప తాలూకు చిన్న గులాబీ మడత మాత్రం మిగిలింది. అద్దంలో చూసుకోండి!

రాగి సంగటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఒక కంట్లోంచి కన్నీళ్ళు! కారం వల్ల కాదు! మూతి వంకర పోయి నయమైన కొందరికి ఇలా అవుతుంది. తిరిగి పెరిగే నాడి దారి తప్పుతుంది. లాలాజలానికి వెళ్ళాల్సిన కబురు కన్నీటి గ్రంథికి చేరుతుంది! రష్యా వైద్యుడు బొగొరాద్ దీన్ని 1928లో వివరించాడు. వీటికి మొసలి కన్నీళ్ళని పేరు! గ్రంథిలోకి కాస్త బొటాక్స్ సూది వేస్తే తగ్గుముఖం పడతాయి!

ఇక గడ్డ సంగతి

ఈ గ్రంథిలోనూ గడ్డలు పుడతాయి. గడ్డ అనగానే క్యాన్సర్ అని గుండె జారిపోతుంది కదూ! ఆగండి. గ్రంథి కణాల నుంచే పుట్టే గడ్డల్లో దాదాపు 50 శాతం ఒకే రకం. దాని పేరు ప్లియోమార్ఫిక్ అడినోమా. క్యాన్సర్ కాదు! ఒంట్లో వేరే చోట్లకు పాకదు. సరిగ్గా తీస్తే పీడ విరగడ!

ఈ గడ్డను కోసి మైక్రోస్కోప్ కింద పెడితే కళ్ళు తిరుగుతాయి! కన్నీటి గ్రంథిలో మెత్తటి ఎముక! చెవి డొప్పలో ఉండేలాంటి పదార్థం! ఒక్కోసారి అసలు ఎముకే! పక్కనే గొట్టాలు, జిగురు, అన్నీ కలగాపులగం. చాలా గడ్డల్లో 8వ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు చోటు మారడమే ఈ గందరగోళానికి మూలం!

దీనికి చుట్టాలున్నారు తెలుసా? చెవి ముందు, దవడ మీద మెల్లగా పెరిగే గడ్డను చూసే ఉంటారు. అదే జాతి! లాలాజల గ్రంథుల్లో పుట్టే ఈ రకం గడ్డల్లో దాదాపు 80 శాతం ఆ చెవి ముందు గ్రంథిలోనే పుడతాయి. కన్నీరు ఊరే చోటు, లాలాజలం ఊరే చోటు... గడ్డ మాత్రం ఒకటే!

అసలు చిత్రం ఇదీ: ఇది నొప్పి పెట్టదు! ఎర్రబడదు, దురద లేదు, కళ్ళు పుసులు కట్టవు. చాలామందికి 12 నెలలు దాటాకే ఏదో తేడా ఉందని అనుమానం వస్తుంది. కొందరికి ఏళ్ళు పడుతుంది! నొప్పి లేదు కదా అని ఊరుకుంటాం. అదే దానికి కావాల్సింది!

ముసలితనంలో వచ్చే రోగమనుకున్నారా? కాదు! ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ళ మధ్యవాళ్ళనే పట్టుకుంటుంది. టమోటా మండీలో గంపలు మోసే వయసు! పిల్లల పెళ్ళిళ్ళు, పొలం అప్పులు, క్షణం తీరిక లేని వయసు! అందుకే కన్ను కాస్త పక్కకు జరిగినా పట్టించుకునే నాథుడు ఉండడు.

పోల్చుకోవడం ఎలా?

కంటి గూడు 7 ఎముకలు కలిసి కట్టిన గది! గోడలు జరగవు. ముందు వైపు మాత్రమే ఖాళీ. పై మూలలో గడ్డ పెరిగితే ఏం జరుగుతుంది? కనుగుడ్డు జరగాలి! కిందికి, ముక్కు వైపుకు, కాస్త ముందుకు! కన్ను జరిగిన దిక్కు చూసే డాక్టరు గడ్డ ఏ మూలన ఉందో ఊహించేస్తారు!

ఈ జరగడం ఎంత ఉంటే అనుమానించాలి? రెండు కళ్ళ మధ్య తేడా 2 మిల్లీమీటర్లు దాటితే చాలు! కంటితో కొలవలేం. దానికో పరికరం ఉంది. పేరు హెర్టెల్ ఎక్సాఫ్తాల్మోమీటర్. పేరు పలకడమే కష్టం, వాడడం సులువు! కళ్ళ పక్క ఎముకల మీద ఆనిస్తారు, అద్దాల్లో చూస్తారు, అంకె చెబుతారు. నొప్పి సున్నా!

డాక్టరు అడిగే మొదటి పరీక్ష ఏంటో తెలుసా? పాత ఫోటోలు! ఒట్టు! 10 ఏళ్ళ కిందటి పెళ్ళి ఫోటో, రేషన్ కార్డు ఫోటో, ఏదైనా సరే. వాటిని వరసగా పెడితే కన్ను ఎప్పటి నుంచి జరుగుతోందో తెలిసిపోతుంది! గడ్డ ఎంత నిదానంగా పెరిగిందో ఆల్బమ్ చెబుతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష!

ఒక కంటికే కళ్ళజోడు నంబర్ మాటిమాటికీ మారుతోందా? కనుగుడ్డు అడ్డుకొలత దాదాపు 24 మిల్లీమీటర్లు. పక్కనుంచి గడ్డ నొక్కితే దాని గుండ్రదనం చెడుతుంది! చూపు అలుక్కుపోతుంది. అద్దాలు మార్చినా కుదరదు. కొందరికి ఒకటి రెండుగా కనబడుతుంది. తప్పు కళ్ళజోడు అంగడిది కాదు, లోపలి గడ్డది!

కన్ను ముందుకు వచ్చిందంటే ఊరంతా థైరాయిడ్ అనేస్తారు. పూర్తిగా తప్పేం కాదు! పెద్దవాళ్ళలో కన్ను ఉబికిరావడానికి నంబర్ 1 కారణం అదే. కానీ తేడా పట్టండి! థైరాయిడ్‌లో పై రెప్ప తరచూ పైకి లాగేసినట్టు ఉంటుంది. కళ్ళు బెదిరినట్టు కనిపిస్తాయి. కన్నీటి గ్రంథి గడ్డలోనైతే రెప్ప బయటి వైపు బరువుగా వాలుతుంది!

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం. క్షయ రోగులకోసం 1912లో మొదలైన శానిటోరియం. దానికీ మన గడ్డకూ ఏం సంబంధం అంటారా? ఉంది! క్షయ అరుదుగా కన్నీటి గ్రంథిలోనూ దూరుతుంది! వాపు అచ్చం గడ్డలాగే మోసం చేస్తుంది. అది క్షయేనని తేలితే ఆ వాపును కరిగించేది కత్తి కాదు, మందుబిళ్ళలు!

రెండు వైపులా గ్రంథులు ఉబ్బాయా? దవడలు కూడానా? అప్పుడు కథ వేరు! 1888లో యోహాన్ మికులిచ్ అనే సర్జన్ అలాంటి ఒక రైతును తోటి డాక్టర్లకు చూపించాడు. నొప్పి లేని వాపులు, రెండు వైపులా! ఇలాంటి కేసుల్లో చాలావరకు ఒంటి రక్షణ వ్యవస్థ గాడి తప్పడమే కారణమని ఇప్పుడు తేలింది. వీటికి ఎక్కువగా స్టెరాయిడ్ మందులే వాడతారు!

ఏడిస్తే ఉబ్బే గడ్డ విన్నారా? దాని పేరు డాక్రియోప్స్! గ్రంథి గొట్టంలో నీళ్ళు నిలిచి ఏర్పడే తిత్తి. రెప్ప ఎత్తి చూస్తే నీలంగా, పారదర్శకంగా కనిపిస్తుంది. 1803లో దీన్ని పుస్తకంలో రాసింది వియన్నా డాక్టరు యోహాన్ ఆడమ్ ష్మిట్. ఆయనెవరో తెలుసా? సంగీత విద్వాంసుడు బీథోవెన్‌కు వైద్యం చేసినవాడు! సూదితో నీళ్ళు లాగితే ఇది మళ్ళీ నిండుతుంది. తిత్తినే తీయాలి!

1895లో రెండు పుట్టుకలు! మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. జర్మనీలో ఎక్స్‌రే పుట్టింది! ఒంటిని కోయకుండా ఎముకను చూడడం అప్పుడే మొదలు. కానీ ఎక్స్‌రేలో గడ్డ సరిగ్గా కనబడదు. ఎముకలో పడిన గుంట మాత్రమే తెలుస్తుంది. ఆ నీడను చూసే పాతకాలం డాక్టర్లు గడ్డను ఊహించేవాళ్ళు!

సీటీ స్కాన్‌ను కనిపెట్టింది గ్రామఫోన్ రికార్డులు అమ్మిన కంపెనీ! అవును, ఇ.ఎం.ఐ.! అక్కడి ఇంజినీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ చేసిన యంత్రం 1971లో లండన్‌లో మొదటి రోగి తలను చూసింది. ఆయనకు తర్వాత నోబెల్ వచ్చింది. ఇవాళ కన్నీటి గ్రంథి గడ్డకు ఆ స్కాన్ లేకుండా కత్తి ఎత్తరు!

స్కాన్‌లో డాక్టరు ముందు చూసేది గడ్డను కాదు, పక్క ఎముకను! సుమారు 1 మిల్లీమీటరు మందం చొప్పున పొరలు పొరలుగా చూస్తారు. మంచి గడ్డ నిదానంగా ఒత్తి ఎముకలో నున్నటి గుంట చేస్తుంది. చెడ్డ గడ్డ ఎముకను గరుకుగా కొరికేస్తుంది! నున్నగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. గరుకుగా ఉంటే పరుగెత్తాలి!

నొప్పి వస్తే అది వేరే సూచన! తల నుంచి ముఖానికి వచ్చే 5వ నాడి కొమ్మ ఒకటి ఈ గ్రంథిలోకి వస్తుంది. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్ ఆ నాడిని పట్టుకుని పాకుతుంది! అందుకే నొప్పి, తిమ్మిరి. కొద్ది నెలల్లోనే పెరగడం, నొప్పి, కొరికిన ఎముక... మూడూ కలిస్తే ఒక్క వారం కూడా ఆగొద్దు!

గుచ్చొద్దు! ఎందుకు?

ఏ గడ్డ కనిపించినా ముందు ముక్క తీసి పరీక్షకు పంపడం అలవాటు. ఇక్కడ మాత్రం తలకిందులు! మంచి గడ్డ అని స్కాన్ గట్టిగా చెబితే ముక్క తీయరు. పొరతో సహా మొత్తం తీసేస్తారు! 1978లో ఫాంట్, గేమెల్ అనే వైద్యులు లెక్క తీశారు. చెక్కుచెదరకుండా తీస్తే 5 ఏళ్ళలో తిరిగొచ్చింది 3 శాతం. ముక్క తీసి కెలికితే? 32 శాతం!

ఎందుకంత తేడా? దాని పొర పైపై పొరే! గడ్డలోంచి బుడిపెలు ఆ పొరలోకి తొంగిచూస్తుంటాయి. గుచ్చితే కణాలు చుట్టుపక్కల ఒలికిపోతాయి. ఒలికిన ప్రతి చోటా కొత్త గడ్డ మొలవొచ్చు! ఒక్క గడ్డ పోయి పది పుట్టినా ఆశ్చర్యం లేదు. వాటిని ఏరడం మొదటి ఆపరేషన్ కంటే ఎంతో కష్టం!

మంచిదే కదా అని జన్మంతా ఉంచుకోవచ్చా? వద్దు! తిరిగి తిరిగి వచ్చే గడ్డ క్యాన్సర్‌గా మారే ముప్పుంది. అదే ఫాంట్, గేమెల్ అంచనా ప్రకారం మొదటి చికిత్స జరిగిన 30 ఏళ్ళకు దాదాపు ఐదో వంతు మందిలో గడ్డ క్యాన్సర్ రూపంలో తిరిగి రావొచ్చు! మొదటి ఆపరేషనే ఆఖరి ఆపరేషన్ కావాలని అందుకే అంత పట్టు!

మరి ఎప్పుడూ సూది పెట్టరా? పెడతారు! అనుమానం తేలనప్పుడు, క్యాన్సరో వాపో తెలియనప్పుడు ముక్క తీయక తప్పదు. ఈ 21వ శతాబ్దంలో సన్న సూదితో జాగ్రత్తగా తీస్తే భయం తక్కువని కొందరు సర్జన్ల మాట. తర్వాత ఆపరేషన్‌లో ఆ సూది దారిని కూడా కలిపి తీసేస్తారు! నిర్ణయం మాత్రం కంటి గడ్డల నిపుణుడిదే.

కత్తి పట్టే వేళ

కంటి వెనక్కి వెళ్ళాలంటే కంటినే తీయాలా? అక్కర్లేదు! స్విట్జర్లాండ్ సర్జన్ క్రోన్‌లైన్ పక్క దారి కనిపెట్టాడు. కణత వైపు ఎముక ముక్కను కోసి తీయడం, పని కాగానే మళ్ళీ అక్కడే అమర్చడం! ఏ సంవత్సరమో చెప్పనా? మికులిచ్ రైతును చూపించిన అదే 1888! ఆ పద్ధతికి మెరుగులు దిద్ది ఇప్పటికీ వాడుతున్నారు!

క్రోన్‌లైన్ ఆ దారి వేసింది ఏ గడ్డకోసమో తెలుసా? డెర్మాయిడ్ తిత్తికోసం! అది పిల్లలకు పుట్టుకతోనే కనుబొమ్మ చివర ఉండే బుడిపె. కోసి చూస్తే లోపల నూనె లాంటి జిడ్డు, 1 కాదు 2 కాదు, ఎన్నో వెంట్రుకలు! అవును, కంటి మూలలో జుట్టు! కన్నీటి గ్రంథి గడ్డేమోనని దీన్ని చూసి పొరబడేవాళ్ళూ ఉన్నారు.

మచ్చ పడుతుందని భయమా? పై రెప్ప తెరవగానే ముడత పడుతుంది చూడండి, గాటు సరిగ్గా అక్కడే! కుట్లు సుమారు 7 రోజుల్లో తీసేస్తారు. కొన్నాళ్ళకు గీత ముడతలో కలిసిపోతుంది. కళ్ళు తెరిచి ఉన్నప్పుడు ఎదుటివాళ్ళకు కనబడదు! అద్దంలో మీరే వెతుక్కోవాలి!

గడ్డను బయటికి తీసేటప్పుడు పళ్ళున్న పట్టకారుతో పట్టుకోరు! పొర చిరిగితే అంతే సంగతులు. చుట్టూ కాస్త మంచి కండతో సహా, మెల్లగా, ఒకే ముద్దగా బయటికి తెస్తారు. పొరపాటున చిరిగితే ఆ చోటంతా సెలైన్‌తో కడుగుతారు. ఆ రోగిని మరింత జాగ్రత్తగా, ఏళ్ళ తరబడి చూస్తారు!

గ్రంథి తీస్తే కన్ను ఎండిపోతుందా? ఇక్కడే ప్రకృతి ముందుచూపు చూడండి! పై రెప్ప లోపలి మడతలో దాదాపు 40 బుల్లి గ్రంథులు వేరే ఉన్నాయి. పేరు క్రౌజ్ గ్రంథులు. పెద్ద గ్రంథి పోయినా ఇవి రోజువారీ తడి ఇస్తాయి! పైగా వీలుంటే సర్జన్ రెప్ప వైపు భాగాన్ని వదిలేస్తారు. కొందరికి మాత్రం కన్నీటి చుక్కల మందు అవసరం పడుతుంది.

కన్నీరు ఎంత ఊరుతోందో కొలిచే యంత్రం ఖరీదెంత? యంత్రమే అక్కర్లేదు! ఒక చిన్న కాగితం ముక్క చాలు. కింది రెప్పకు తగిలించి 5 నిమిషాలు వదిలేస్తారు. తడి ఎంత దూరం పాకిందో చూస్తారు. అయిపోయింది! జర్మనీ డాక్టరు షిర్మర్ పేరుతో నూరేళ్ళకు పైగా నడుస్తున్న పరీక్ష. ఆపరేషన్‌కు ముందూ చేస్తారు, తర్వాతా చేస్తారు!

మన వాళ్ళ ఘనత

కన్నీటి గ్రంథి కణాలను గాజు పాత్రలో పెంచారు! ఎక్కడో అమెరికాలో కాదు, మన హైదరాబాద్‌లో! ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి బృందం 2012లో ఆ ఫలితాలు ప్రచురించింది. క్యాన్సర్ వల్ల కంటినే తీసేయాల్సి వచ్చిన రోగుల గ్రంథుల నుంచి కణాలు తీసుకున్నారు. అవి పాత్రలో పెరిగాయి. కన్నీటిలో ఉండే ప్రొటీన్లను కూడా వదిలాయి!

ఇంకో అడుగు నెదర్లాండ్స్‌లో పడింది! 2021లో అక్కడి శాస్త్రవేత్తలు కన్నీటి గ్రంథి బుల్లి నమూనాలను పెంచారు. నాడులు పంపే రసాయనం చల్లితే చాలు, అవి ఏడ్చాయి! నీరు బయటికి పోయే దారి లేదు కదా, అందుకని ఉబ్బిపోయాయి! దుఃఖం లేదు, మనిషి లేడు. కన్నీరు మాత్రం ఉంది!

ఆ హైదరాబాద్ ఆసుపత్రి పేరులోని ఎల్.వి. ప్రసాద్ డాక్టరు కాదు! సినిమా మనిషి! ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. తొలి హిందీ టాకీ, తొలి తమిళ టాకీ, తొలి తెలుగు టాకీ... ఈ 3 సినిమాల్లోనూ నటించారు! ఆ చేత్తోనే కళ్ళ ఆసుపత్రికి స్థలమూ డబ్బూ ఇచ్చారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి వచ్చి దాన్ని నిలబెట్టారు!

కన్నీళ్ళ మీద పరిశోధనకు దేశంలోని పెద్ద సైన్స్ బహుమతి వచ్చిందంటే నమ్ముతారా? అదే ఆసుపత్రిలోని డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం! కన్నీరు ముక్కులోకి దిగే సన్నటి దారుల జబ్బులు ఆయన పని. ఆ బుల్లి గొట్టాల్లో అంత పెద్ద శాస్త్రం దాగుంది మరి!

పెదవి లోపలి గ్రంథిని తీసి కంటికి అతికిస్తారు! ఊరికే అంటున్నానా? కాదు! కన్ను పూర్తిగా ఎండిపోయినవాళ్ళకు కింది పెదవి లోపలి బుల్లి లాలాజల గ్రంథులను రెప్ప లోపల నాటుతారు. రెండు రకాల గ్రంథుల పనీ తడి ఇవ్వడమే కదా! హైదరాబాద్‌లోనూ ఈ ఆపరేషన్ చేశారు. కన్నీటి బదులు లాలాజలం కంటిని కాపాడుతుంది!

మన కొండ కిందివాళ్ళకు

కుప్పంవాళ్ళకు ఒక వరం ఉంది! 3 రాష్ట్రాలు కలిసే చోట ఉన్నారు. ఊళ్ళోనే పి.ఇ.ఎస్. వైద్య కళాశాల. కంటి విభాగంలో మొదటి పరీక్ష అక్కడే చేయించుకోవచ్చు. కన్ను జరిగిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది! పెద్ద ఆపరేషన్ కావాలంటే ఏ దిక్కుకు పోవాలో వాళ్ళే రాసిస్తారు.

వేలూరు పేరు మన పల్లెల్లో తెలియనివాళ్ళు లేరు. అక్కడ డాక్టర్ ఐడా స్కడ్డర్ కట్టించిన షెల్ ఆసుపత్రి 1902లో తెరిచారు. మొదట అది ఆడవాళ్ళకోసం కట్టింది! తర్వాత సి.ఎం.సి. వారి కంటి ఆసుపత్రిగా పేరు పడింది. మన తాతల కాలం నుంచి రైలెక్కి పోతున్న చోటు, కంటికి కూడా చిరునామానే!

బెంగళూరు మింటో కంటి ఆసుపత్రి వయసెంతనుకుంటున్నారు? 1896లో మొదలు! నూరేళ్ళు ఎప్పుడో దాటేసింది! ప్రభుత్వ ఆసుపత్రి. ఇటు తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. చెన్నైలో శంకర నేత్రాలయ ఉంది. హార్స్లీ హిల్స్ చుట్టూ ఏ దిక్కున చూసినా కంటి వైద్యమే!

ఖర్చుకు భయపడుతున్నారా? మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ 2007లోనే మొదలైంది! పేర్లు మారినా పథకం నడుస్తూనే ఉంది. కార్డు తీసుకుని వెళ్ళండి. ఆసుపత్రిలో ఈ పథకం సహాయ బల్ల ఎక్కడో అడగండి. ఈ ఆపరేషన్ పథకం కిందికి వస్తుందా లేదా అన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి. తర్వాత అడిగితే లాభం లేదు!

ఆపరేషన్ అయిపోయింది, ఇక డాక్టరుతో పని లేదా? ఉంది! ఈ గడ్డ 10, 20 ఏళ్ళ తర్వాత కూడా తిరిగొచ్చిన కేసులున్నాయి! అందుకే ఏటా ఒకసారి చూపించుకోవాలి. ల్యాబ్ రిపోర్ట్, స్కాన్ ఫిల్మ్ పారేయకండి. పొర చెదరకుండా వచ్చిందో లేదో ఆ రిపోర్టులోనే రాసి ఉంటుంది. పట్టా కాగితాల పక్కనే దాచండి!

చివరిగా ఒక పని! ఇవాళే 10 ఏళ్ళ కిందటి ఫోటో తీయండి. ఇంట్లో అందరి కళ్ళూ ఒకసారి పోల్చి చూడండి. ఒక కన్ను కిందికో ముందుకో జరిగిందా? రెప్ప మూల బరువుగా ఉందా? పసరు పోయకండి, కాపడం పెట్టకండి, ఎవరితోనూ గుచ్చించకండి! నేరుగా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ముందు స్కాన్, తర్వాతే కత్తి. మొదటిసారే మొత్తంగా తీయించుకుంటే చాలామందికి ఈ గడ్డ మళ్ళీ రాదు!